సెలైన్ పైపుల తోరణం

మా మామ వైపు చుట్టాల్లో సెలైన్ పైపు చేప లేని ఇల్లు ఒక్కటి చూపించండి, వాళ్ల కోసం నేను వారం రోజులు ఊరికే డ్యూటీ చేస్తాను. ట్యూబులైటుకు చేప, ఆటో అద్దం ముందు చేప, బీరువా తాళానికి చేప. ఒకాయన బర్రె మెడకు గంటతో పాటు చేప కట్టడం కూడా నా కళ్లతో చూశాను.

ఇవన్నీ జానమ్మత్త చేతిపని. ఆమె మా మామ కురుమయ్యకు ఒక్కతే చెల్లెలు, మా ఆయన జాషువాకు మేనత్త. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్లుగా ఆయమ్మ. పేషెంటుకు సెలైను ఎక్కించే సన్న పైపును బ్లేడుతో నిలువుగా చీల్చి, మిఠాయి రంగు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, ఆరాక జడలా అల్లి చేపను చేస్తుంది. కంటికి ఎర్ర పూస పెడుతుంది. ఒక్కో చేపకు ఒక పూట పడుతుంది. అడిగినవాళ్లకూ ఇస్తుంది, అడగనివాళ్లకూ ఇస్తుంది. అడగనివాళ్లకు ఇంకొంచెం పెద్దది ఇస్తుంది.

మా పెళ్లికి జంట హంసలు చేసింది. స్టేజీ మీదికొచ్చి నా చేతిలో పెట్టి, "జర పైకి పట్టు పిల్లా, ఫొటోల పడాలె" అంది. పట్టాను. పెళ్లి ఆల్బంలో మూడు పేజీల నిండా నాకంటే హంసలే బాగా పడ్డాయి. హాలియాలో మా అమ్మ ఆ ఆల్బం ఎవరికి చూపించినా ఆ మూడు పేజీలను కలిపి ఒకేసారి తిప్పేస్తుంది. హంసలు మాత్రం పెళ్లయిన వారానికే మా సజ్జ ఎక్కాయి.

అందం గురించి నాకు పేచీ లేదు. చేప చేపలాగే ఉంటుంది, హంస హంసలాగే ఉంటుంది. కానీ నేను స్టాఫ్ నర్సును. ఆ పైపును చూస్తే నాకు చేప కనబడదు. ఏ పేషెంటు చేతిలోంచి తీశారో ఆ చెయ్యి కనబడుతుంది. ఈ పైపులు ఎక్కడివని నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన పనేముంది, దవాఖానలో ఊడ్చే మనిషికి పైపులు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదా అనుకున్నాను.

ఇంతవరకే అయితే ఏ ఇంట్లోనైనా ఉండే గొడవే. కానీ ఎనిమిది నెలల కింద నేను కూడా అదే దవాఖానలో చేరాను.

జాషువాకు నార్కట్‌పల్లిలో జూనియర్ లైన్‌మన్‌గా పోస్టింగ్ వచ్చింది. నేను హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చాను. నల్లగొండలో ఖాళీ ఉందని చెప్పింది జానమ్మత్తే. మొదటి రోజు ఇంచార్జి నాగరాణి సిస్టర్ నన్ను వార్డులోకి తీసుకుపోయింది. అక్కడ జానమ్మత్త మాపు పట్టుకుని నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన యూనిఫాం చీర, తలలో కనకాంబరాలు. నన్ను చూసి ముఖమంతా నవ్వింది.

"జానమ్మా, గీ కొత్త సిస్టర్‌కు స్టోర్ రూము చూపెట్టు" అంది నాగరాణి సిస్టర్.

అప్పుడు నేను "ఈమె మా అత్తమ్మ" అనాలి. మూడే మాటలు. నోరు తెరిచాను, మళ్లీ మూశాను. చుట్టూ ఉన్న నర్సులందరూ నా ముఖమే చూస్తున్నారు. కొత్తదాన్ని కదా, చూస్తారులే అనుకున్నాను. జానమ్మత్త కాసేపు ఆగింది. తర్వాత మాపు గోడకు ఆనించి, "రండి మేడం" అంది.

ఎందుకు అనలేదంటే మా పుట్టింటి సంగతి చెప్పాలి. మా బాపు హెడ్‌మాస్టరు. మా అమ్మ చర్చిలో స్త్రీల మైత్రికి సెక్రటరీ. "మనం ఎక్కిన మెట్లు మళ్ల దిగొద్దు బిడ్డా" అని చిన్నప్పటి నుంచి నూరిపోసింది. మా అమ్మమ్మ మిషన్ దవాఖానలో నేల తుడిచి మా అమ్మను చదివించింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎవరూ మరచిపోరు కూడా.

ఆ రోజు అనని మాట రెండో రోజు అనడం ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి ఇక అనలేనని తేలిపోయింది. దవాఖానలో నేను "జానమ్మా, ఆరో బెడ్డు కింద తుడువు" అంటే ఆమె "అట్లనే మేడం" అనేది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చి చాప మీద కాళ్లు బారజాపి, "ఏం పిల్లా, జర నీళ్లు తేపో. గివి కాదు, కుండలయి" అనేది. తెచ్చేదాన్ని. "కూరల ఉప్పు ఏసినవా, చూపెట్టి తీసినవా?" అనేది. వారమంతా మేడం అన్న కసి ఆదివారం తీర్చుకుంటుందని నవ్వుకునేదాన్ని. దవాఖానలో నేను అట్లా ఎందుకుంటానో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండునని కొన్నిసార్లు అనిపించేది.

ఈలోగా మేం నార్కట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాం. రెండు గదులు, ఒక హాలు, వెనక కాస్త జాగా. శనివారం పొద్దున పది గంటలకు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం.

మా మామవాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. కొత్త ఇంటి గడపకు తోరణం ఆ ఇంటి ఆడబిడ్డే కట్టాలి. ఆమె కట్టందే ఎవ్వరూ లోపల కాలు పెట్టరు. తాతల కాలంలో వాళ్లు చర్చికి వచ్చినప్పుడు చాలా విడిచిపెట్టారు గానీ దీన్ని విడిచిపెట్టలేదు. పాస్టరు అయ్యగారు కూడా ఏమీ అనరు, తోరణం కట్టాకే బైబిలు తెరుస్తారు. జాషువాకు అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి ఆ హక్కు జానమ్మత్తది.

అంటే స్టూలు ఎక్కి అందరి ముందు తోరణం కట్టే మనిషి ఎవరని ఎవరూ అడగక్కర్లేదు. అది చూస్తే చాలు, చుట్టరికం తెలిసిపోతుంది. అందుకని నేనొక ఉపాయం చేశాను. దవాఖానవాళ్లను ప్రార్థనకు పిలవకుండా మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనాలకు పిలిచాను. అప్పటికి తోరణం కట్టడం అయిపోతుంది, జానమ్మత్త నలుగురిలో కలిసిపోతుంది, నేను ఎట్లాగో గట్టెక్కుతాను అనుకున్నాను.

గురువారం సాయంత్రం జానమ్మత్త మా కిరాయి ఇంటికి బియ్యం సంచి మోసుకుంటూ వచ్చింది. సంచి బోర్లిస్తే ఏడడుగుల తోరణం జారింది. నలభై ఒక్క చేపలు. ఎరుపు, పచ్చ, పసుపు, గులాబీ, మధ్యలో రెక్కలు చాచిన పావురం.

"ఎట్లున్నది?" అంది.

"పెద్దగుంది అత్తమ్మా" అన్నాను.

"పెద్దగుండాలె. హైవే మీద పోయే బస్సులకెళ్లి కనవడాలె."

మా మామ కురుమయ్య తోరణం కింద నుంచి పైకి మూడుసార్లు చూసి, "మా చెల్లె చేతుల పనున్నది" అన్నాడు. జాషువా చేపలు లెక్కపెట్టాడు. నేను ఆ పైపులన్నీ కలిపి ఎంతమంది పేషెంట్లో లెక్కపెట్టాను.

శుక్రవారం పొద్దున డ్యూటీకి పోయే ముందు ఆ తోరణాన్ని టబ్బులో వేసి బ్లీచింగు నీళ్లు పోశాను. ఎన్ని నీళ్లకు ఎంత బ్లీచింగు కలపాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఆ రోజు అసహ్యం కొద్దీ రెండింతలు పోశాను. అరగంటలో తీసెయ్యమని జాషువాకు చెప్దామనుకున్నాను. బస్సు హారన్ విని ఉరికాను, చెప్పడం మరిచాను. డ్యూటీ అయ్యాక నల్లగొండలో గిన్నెలు కొనుక్కుని, సాయంత్రం నాలుగు దాటాక ఇంటికొచ్చి టబ్బులో చెయ్యి పెట్టాను.

నలభై ఒక్క చేపలూ రక్తం తక్కువైన పేషెంట్లలా పాలిపోయి ఉన్నాయి. పూసల కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. నలభై ఒక్క జతల కళ్లు నన్నే చూస్తున్నాయి. పావురం ఏ రంగుదో ఇప్పుడు పరిశుద్ధాత్మకు కూడా తెలియదు.

జాషువా వచ్చి చూశాడు. "ఏమైంది గిది?"

"వాడిన పైపులు గదా. ఇన్ఫెక్షన్ లేకుంట జేద్దామని."

"నువ్వు కడిగింది పైపులనా, మా అత్తనా?" అని బయటికిపోయి బండి కడగడం మొదలుపెట్టాడు. ఆయనకు నిజంగా కోపమొస్తే బండి కడుగుతాడు. ఆ సాయంత్రం బండి రెండుసార్లు కడిగాడు.

నాకు సిగ్గేసింది. కానీ నిజం చెప్తున్నాను, సిగ్గు అడుగున కాస్త హాయి కూడా వేసింది. ఇది ఇక కట్టేట్టు లేదు కదా. చౌరస్తాకు పోయి ప్లాస్టిక్ బంతిపూల తోరణం ఒకటి కొనుక్కొచ్చాను. జానమ్మత్తకు ఫోన్ చేసి చెప్పమన్నాడు జాషువా. రేపు ఎదురుగా చెప్తానన్నాను. ఫోన్‌లో చెప్పలేని పిరికిదాన్ని ఎదురుగా ఏం చెప్తానో ఆలోచించలేదు.

శనివారం ఏడు గంటలకే ఆమె దిగింది. మెరూన్ పట్టుచీర, కొత్త గాజులు. వస్తూనే, "ఏది పిల్లా, తోరణం దియ్యి. దారాలు సరిచేసుకోవాలె" అంది.

టబ్బు చూపించాను. వంగి ఒక చేపను ఎత్తింది, వాసన చూసింది.

"బ్లీచింగు. ఎందుకేసినవ్?"

నేను తలుపు గొళ్లెం చూస్తూ నిలబడ్డాను.

"పేషెంట్లకు పెట్టి తీసినయనుకున్నవా?"

ఈసారి టబ్బులోకి చూశాను.

"పెట్టి తీసినయి యాడికి పోతయి గ్రేసూ? ఎర్ర చెత్తసంచిలకు పోతయి. గా ఎర్ర సంచిల ఏసేది ఎవ్వరు? నేను. పదకొండేండ్ల సంది ఒక్క పైపు తప్పిపోలే. గివి డేటు దాటిన సెట్లు, ప్యాకెట్టు సుత సింపలే. మందుల షాపు అంజన్న పారబోసేటియి అడిగి తెచ్చుకుంట." చేపను మళ్లీ టబ్బులో జారవిడిచింది. "నన్ను అడిగితే అయిపోవు గద పిల్లా."

కోప్పడి ఉంటే నాకు ఊపిరి ఆడేది. కోప్పడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, "సరె తియ్. షాపుల దొరికే ప్లాస్టిక్ పూలయే కట్టుదం. తెచ్చే ఉంటవుగా" అంది. నేను తెచ్చే ఉంటానని ఆమెకు తెలుసు. అది నాకు బ్లీచింగు కంటే ఘాటుగా తగిలింది.

తొమ్మిదిన్నరకు కొత్త ఇంటి ముందు షామియానా నిండింది. హాలియా నుంచి మా అమ్మా బాపూ వచ్చారు. వెనక జాగాలో వంట ఐలేశం మూడు పొయ్యిలు రాజేశాడు. ఇంతలో ఒక ఆటో ఆగింది. అందులోంచి నాగరాణి సిస్టర్ దిగింది, ఆమె వెనక నలుగురు నర్సులు దిగారు.

"డ్యూటీలు మార్చుకోని పొద్దుగాలనే వచ్చినం గ్రేస్. ఉత్త తిండికే వస్తే ఏం బాగుంటది, ప్రార్థనల సుత ఉండాలె గద" అంది నాగరాణి సిస్టర్. మంచి మనుషులతో ఇదే తంటా, మనం చెప్పిన టైముకు రారు.

సరిగ్గా అప్పుడే జానమ్మత్త నీళ్ల గ్లాసుల పళ్లెంతో మా మధ్యకు వచ్చింది. నాగరాణి సిస్టర్ ఆమెను చూసింది, నన్ను చూసింది.

"ఏం జానమ్మా, నువ్విక్కడున్నవేంది?"

జానమ్మత్త కళ్లు ఒక్క క్షణం నా మీద నిలిచాయి. మొదటి రోజు వార్డులో ఆగినట్టే ఆగింది. నేను మళ్లీ నోరు తెరిచాను. మళ్లీ మూశాను.

"గ్రేస్ మేడం పనికి పిలిచిండ్రు. గిన్నెలు కడగనీకి వచ్చిన" అంది.

"పట్టుచీర కట్టుకోనా?"

"నాకున్న మంచి చీర గిదే మేడం" అని పళ్లెం పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. గురువును ఎరగనని బొంకిన శిష్యుడి కథలోలాగా ఇట్లాంటి చోట కోడి కూయాలని మా చర్చిలో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. మా కోళ్లన్నీ అప్పటికే ఐలేశం గంజులో ఉడుకుతున్నాయి.

పది గంటలకు పాస్టరు అయ్యగారు గడప ముందు నిలబడ్డారు. "ఇంటి ఆడబిడ్డ ఎవరమ్మా? వచ్చి తోరణం కట్టండి" అన్నారు.

"జానా! ఓ జానా!" అని కేకేశాడు మా మామ.

జానమ్మత్త రాలేదు. వంట దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న ఉప్పలమ్మ వచ్చి, "నాకు పనున్నది, ఎవ్వరితోనన్న కట్టియ్యిండ్రి అంటాంది" అని చెప్పింది.

మా మామకు తల తిరిగింది. "ఎవ్వరితోనన్ననా? నా ఇంటి గడపకు ఎవ్వరో కడతరా? నా చెల్లె రాంది నేను లోపట అడుగు వెట్ట" అని షామియానా నడిమధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా అమ్మ లేచి ప్లాస్టిక్ బంతిపూలు చేతిలో పట్టుకుని, "పోనీ అన్నయ్యా, మా అమ్మాయి కడతది" అంది. మా మామ ఆమె వైపు చూడలేదు. ఎండ చురుక్కుమంటోంది. పాస్టరు అయ్యగారు బైబిలును నెత్తి మీద నీడకు పెట్టుకున్నారు. జాషువా నన్నే చూస్తున్నాడు. అక్కడ బండి ఉంటే కడిగేవాడే.

వెనక్కి పోయాను. జానమ్మత్త నీళ్ల డ్రమ్ము పక్కన పీట మీద కూర్చుని, కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతోంది. పట్టుచీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

"అత్తమ్మా, రా. అందరు నీ కోసం చూస్తుండ్రు."

"ఒద్దు పిల్లా. మీ ఇంచార్జి ఉన్నది, నీ తోటి నర్సులున్నరు. నేను వచ్చి గడపెక్కితే నీ ఇజ్జత్ ఏం గావాలె? నేను గిన్నెలు కడిగేదాన్నని చెప్పిన, గట్లనే పోనియ్యి. మా అన్నకు నేను తర్వాత చెప్పుకుంట."

"నీ మేనల్లుని ఇల్లు గద."

"అవును. చూస్తున్న గద. మంచిగున్నది." గ్లాసు బోర్లించి గోడ వైపు చూసింది. లోపలికి ఇంకా కాలు పెట్టలేదు, బయటి గోడనే చూస్తోంది. అప్పుడు ఆమె గొంతు మారింది. "జాషువా పుట్టిన నాడే అనుకున్న. వాడు ఇల్లు గడితే గడపకు నా చేతులతోని కట్టాలె అని. గీ యాడాది రాత్రులన్ని గా చేపలకే పోయినయి. పోనీ తియ్."

నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే అసహ్యం కూడా వేసింది. ఎంత చెప్పినా ఆమె లేచేది కాదు, ఎందుకంటే నా పరువును నాకంటే గట్టిగా పట్టుకుని కూర్చుంది. కిరాయి ఇల్లు పక్క వీధిలోనే. ఉరికాను. టబ్బులోంచి తోరణాన్ని ఎత్తి, రెండుసార్లు జాడించి, నీళ్లు కారుతుండగానే మెడలో వేసుకుని వచ్చాను. వీధిలో పిల్లలు నన్ను చూసి దారిచ్చారు. షామియానాలోకి వచ్చేసరికి నా చీర ముందుభాగమంతా తడిసి బ్లీచింగు వాసన కొడుతోంది.

"నాగరాణి సిస్టర్" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. "జానమ్మ పనికి రాలేదు. ఆమె మా అత్తమ్మ. జాషువాకు సొంత మేనత్త, మా ఇంటి ఆడబిడ్డ. గీ తోరణం ఆమే చేసింది. ఎనిమిది నెలల సంది మీకు చెప్పలే. నాకు సిగ్గయి చెప్పలే."

మా అమ్మ చేతిలో బంతిపూలు కిందికి జారాయి. నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగరాణి సిస్టర్ పెద్దగా ఊపిరి వదిలింది.

"మాకు ఎరుకే గ్రేస్" అంది.

"ఎప్పటి సంది?"

"నువ్వు చేరకముందు సంది. మా కోడలు వస్తాంది, బీఎస్సీ నర్సింగు చదివింది అని జానమ్మ వార్డు వార్డుకు తిరిగి బాలుషాలు పంచింది. షుగరు పేషెంట్లకు సుత పెడుతుంటే నేనే కొట్లాడి ఆపిన. నువ్వొచ్చిన నాడు ఎవ్వరెవ్వరిని పరిచయం చేస్తవో అని మేమంత నిలబడి చూసినం. నువ్వేమనలే. గా సాయంత్రం జానమ్మ నా రూముకొచ్చి నా చేతులు పట్టుకున్నది. మా కోడలు కొత్తది మేడం, జర సిగ్గుపడుతాంది, మీరు ఎవ్వరు అడిగి దాన్ని చిన్నబుచ్చొద్దు అన్నది. గప్పటి సంది మేమంత నోట్ల గుడ్డలు పెట్టుకున్నం. ఇందాక సుత నువ్వు చెప్తవేమోనని కావాల్నే అడిగిన. మాకెంత కష్టమైందో నీకేమెరుక?"

నలుగురు నర్సులూ ఒక్కసారిగా తలలూపారు. వాళ్లలో చిన్నపిల్ల మల్లిక, "నేనైతే రెండుసార్లు అనబోయి దగ్గిన అక్కా" అంది.

ఆ మాటతో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎనిమిది నెలలు నేను దాచుకున్నాననుకున్నది దవాఖానంతటికీ తెలుసు. తెలియనట్టు నటించమని వాళ్లందరినీ బతిమాలింది ఆమె. నా సిగ్గు నాకే తెలియకుండా కాపాడింది, చివరికి నా ఇంటి ముందే గిన్నెలు కడిగే మనిషినని చెప్పి మరీ కాపాడింది. అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. బాకీ పడ్డదేదైనా తీర్చొచ్చు గానీ దీన్ని ఎట్లా తీర్చాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటికి జానమ్మత్త వెనక నుంచి వచ్చి గోడ మూల నిలబడి ఉంది. చేతులింకా తడిగానే ఉన్నాయి. నా మెడలో తోరణం చూసి, "గట్ల ఏసుకున్నవేంది, పెండ్లిబర్రె తీర్గ" అంది. నేను తీసి ఆమె చేతుల్లో పెట్టాను. "అత్తమ్మా, తప్పయింది" అన్నాను. ఆమె నా తల మీద తడిచెయ్యి ఒకసారి గట్టిగా పెట్టి తీసేసింది.

"స్టూలు తేపో" అంది.

తెచ్చాను. ఎక్కింది. నేను కింద స్టూలు పట్టుకున్నాను.

"గట్టిగ పట్టు పిల్లా. పడి కాలిరిగితే మన దవాఖానకే తీస్కపోతరు, అక్కడ ఊడ్సేటోళ్లు ఉండరు."

మా మామ కుర్చీలోంచి లేచి, ఇప్పటిదాకా ఏమీ జరగనట్టు, "జర ఎడమకు, ఇంకింత ఎడమకు" అని చెప్పడం మొదలుపెట్టాడు. చేపలు గడప మీదుగా వరుసగా దిగాయి. పాలిపోయిన నలభై ఒక్క చేపలు, నడుమ పావురం. మా అమ్మ ఎంత ఆపుకున్నా ఆగలేక, "గదేంది వదినె, ఒక్కదానికీ రంగు లేదు?" అంది. ఆమె జానమ్మత్తను వదినె అని పిలవడం నేను వినడం అదే మొదలు.

జానమ్మత్త మేకుకు దారం చుట్టి, ముడి వేసి, పళ్లతో కొరికింది. తర్వాత షామియానా వైపు తిరిగి, హైవే మీద బస్సులకు కూడా వినబడేట్టు చెప్పింది.

"రంగులు మంచిగనే ఏసిన వదినె. మా కోడలు నర్సు గద, ఇల్లంత శుభ్రముండాలె అని బ్లీచింగుల ముంచింది. మా కోడలు గట్లనే ఉంటది. దాన్ని పట్టుకోలేం."

నర్సులు కడుపులు పట్టుకుని నవ్వారు. పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకోవడానికి బైబిలు తెరిచారు.

ఇక ఆ రోజు భోజనాల బంతులు లేచేదాకా ఆమె నోట్లో అదే మాట. ఐలేశంతో, "మా కోడలికి మెత్తటి ముక్కలెయ్యి" అంది. నాగరాణి సిస్టర్‌తో, "మా కోడలికి సోమవారం లీవియ్యి మేడం, అలిసిపోయింది" అంది. ముఖం తెలియని పక్కింటావిడను ఆపి, "గా పచ్చచీర కట్టుకున్నది మా కోడలే" అంది. ఎనిమిది నెలలు నోట్లోనే పెట్టుకున్న మాట కదా. వినబడ్డప్పుడల్లా నేను ఎక్కడున్నా తలెత్తి "ఆ, అత్తమ్మా" అని పలికాను. అందులో సగం సార్లు ఆమె నన్ను పిలవనే లేదు.